బదులు మనిషి

ఈరమ్మ ఒప్పుకున్నదంటే మనిషి తక్కువ పడే మాటే లేదు. వానొచ్చినా, ఊళ్లో పెళ్లి ఉన్నా, పీరీల పండుగ వచ్చినా సరే, ఎంతమందిని తెస్తానని చెప్పిందో అంతమందితో పొద్దున్నే గట్టు మీద నిలబడేది. శంషాబాద్ చుట్టుపక్కల వరినాట్లు సాగిన కాలంలో రైతులు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది, ఓపిక మాత్రం దీపం పెట్టి వెతికినా దొరకదు. "నడుములు వంచుండ్రే, ముచ్చట్లు ఇంట్ల పెట్టుకోండ్రి" అని ఒక్క కేక వేసిందంటే అవతలి మడిలో వాళ్లు కూడా వంగేవాళ్లు.

ఆ మడులు ఇప్పుడు లేవు. కొన్ని విమానాశ్రయం గోడ లోపలికి పోయాయి, కొన్ని ప్లాట్లయ్యాయి, మిగిలినవాటి మీద గోదాములు లేచాయి. భూములు పోయినవాళ్లకు ఏదో కొంత వచ్చింది. అది ఇళ్లయింది, పెళ్లిళ్లయింది, బైకులయింది, అయిపోయింది. ఈరమ్మకు ఆ మాత్రం కూడా రాలేదు. ఆమెకు భూమి ఎక్కడిది? ఆమెకు పోయింది పని. పని పోయినందుకు నష్టపరిహారం ఇచ్చిన సర్కారు ఏదైనా ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టి వద్దాం.

అయినా ఆమె ఊరుకునే మనిషి కాదు. నాట్లు పోతే పోయాయనుకొని, ముఠాను ముఠాగానే తీసుకెళ్లి ఒక బట్టలుతికే కంపెనీలో దింపింది. విమానాల్లో జనం కప్పుకునే దుప్పట్లు, పెద్ద హోటళ్లలో పరుపుల మీద వేసే చాదర్లు అక్కడికి లారీల్లో వస్తాయి. పెద్ద పెద్ద మిషన్లలో ఉతికి, ఆరబెట్టి, కాలే రోలర్ల మధ్య నుంచి పంపితే ఇస్త్రీ అయి అవతలికి వస్తాయి. వాటిని మడతపెట్టి కట్టలు కట్టడం ఈరమ్మ ముఠా పని. ముఠాను కంపెనీ నేరుగా పెట్టుకోలేదు. మధ్యలో రవీందర్ అనే కాంట్రాక్టరు ఉన్నాడు. మనుషులను సరఫరా చేస్తానని కంపెనీకి అతను మాట ఇస్తాడు, అతనికి ఈరమ్మ మాట ఇస్తుంది.

నాట్లలో ఒక పద్ధతి ఉండేది. ముఠాలో ఇంటికొక మనిషి. ఆ మనిషికి జ్వరమొస్తే, చుట్టపింటికి వెళితే, ఆ ఇంటి నుంచే ఇంకొకరు బదులు వచ్చేవాళ్లు. అత్తకు బదులు కోడలు, అక్కకు బదులు చెల్లె. మడికి పేరుతో పని లేదు, చేతులతో పని. ఈరమ్మ ఈ పద్ధతిని కంపెనీకి కూడా మోసుకొచ్చింది. రాలేని మనిషి తన గుర్తింపు కార్డును బదులు వచ్చే మనిషి మెడలో వేసి పంపేది. గేటు దగ్గర వాచ్‌మన్ కార్డు చూస్తాడు గాని మొహం చూడడు. మొదట్లో ఈరమ్మ రవీందర్‌ను అడిగే చేసింది, దాచి చేయలేదు.

"నాకు తలకాయలు నిండాలె అక్కా. ఏ తలకాయైతే ఏంది" అన్నాడు రవీందర్.

ఇంకేం, మాలిక్కే అలా అన్నాక ఈరమ్మకు అడ్డేముంది? ఆమె ముఠాలో బదులు వెళ్లని ఇల్లు లేదు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. ఒకరి కష్టంలో ఒకరు అక్కరకు రావడం మంచితనమనే అనుకున్నారు. పల్లెలో అది మంచితనమే.

నిర్మల ఆ ముఠాలో మనిషి. ఆమె తోటికోడలు సుమలత. నిర్మల భర్త మధు పెద్దవాడు, సుమలత భర్త పాండు చిన్నవాడు, అన్నదమ్ములిద్దరూ ఒకే వాకిట్లో ఉంటారు. ఈరమ్మ వాళ్ల అత్తకు చెల్లెలు. అత్త పోయినప్పటి నుంచి ఆ కోడళ్లకు మంచీ చెడ్డా చెప్పేది, తిట్టేది, తల దువ్వేది అన్నీ ఈరమ్మే. సుమలతకు నడక నేర్చుకుంటున్న కూతురు ఉంది. ఆ పిల్ల కోసమే ఆమె పనికి రాకుండా ఇంట్లో ఉండేది.

నిర్మల పుట్టింటివాళ్లు పహాడీ షరీఫ్ దర్గా దగ్గర కందూరు చేసుకున్నారు. ఎప్పటి మొక్కో, మేకను కోసి అందరికీ పెట్టాలి, ఆడబిడ్డ లేకుంటే బాగుండదు. నిర్మల తన కార్డును సుమలత మెడలో వేసి, పిల్లను తనతో పాటు దర్గాకు తీసుకెళ్లింది. ఒక్క రోజు పని, మడతలు పెట్టడమే కదా అనుకున్నారు.

ఆ రోజు రోలర్ దగ్గర చాదర్లు అందించే మనిషి రాలేదు. "నిర్మలకు ఆ పని వచ్చు కదా, నిర్మలను నిలబెట్టు" అని లోపలి సూపర్‌వైజర్ కేకేశాడు. కార్డు మీద నిర్మల అని ఉంది. కార్డు మెడలో వేసుకున్న మనిషికి ఆ మిషన్ ముక్కూ మొహం తెలియదు. ఈరమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. బదుళ్ల సంగతి రవీందర్‌కు తెలుసు గాని సూపర్‌వైజర్‌కు తెలియదు, ఇది నిర్మల కాదని ఎలా చెప్పడం? "చాదర్ అంచు పట్టుకొని ఇయ్యి బిడ్డా, అదే గుంజుకుంటది" అని చెప్పి నిలబెట్టింది. రోలర్ ముందు చేయి పోకుండా ఒక అడ్డకడ్డీ ఉండాలి. పని నెమ్మదిస్తుందని దాన్ని ఎప్పుడో ఊడదీసి గోడకు ఆనించారు.

మధ్యాహ్నం అన్నాల వేళకు కొంచెం ముందు ఒక చాదర్ ముడత పడింది. సుమలత దాన్ని సరిచేయబోయింది. కేక వినబడి ఈరమ్మ పరుగెత్తేసరికి మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపే బటన్ ఎక్కడుందో అక్కడున్న ఆడవాళ్లలో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. ఆ తర్వాత జరిగింది ఈరమ్మ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మనమూ అడగకుండా ఉండటమే మంచిది. ఒక తడి చాదర్‌లో ఆ కుడిచేతిని చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకొని దవాఖానకు తీసుకెళ్లింది.

అది ఈఎస్ఐ దవాఖాన. కూలీల జీతంలో కొంత కోసి కడతారు, అలా కట్టినవాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు. నిర్మల జీతంలో కోస్తున్నారు. సుమలతకు జీతమే లేదు, ఇక కోసేదేముంది? కిటికీ అవతలి మనిషి "పేషెంట్ పేరు?" అని అడిగాడు. సుమలత అని చెబితే నీకు కార్డు లేదు పొమ్మంటారు. ప్రైవేటుకు తీసుకెళ్లే దిక్కు పాండుకు లేదు. ఈలోగా ఈ పిల్ల ప్రాణం పోతే?

"నిర్మల" అని చెప్పింది ఈరమ్మ.

అప్పటికే వచ్చి ఆమె వెనకాల నిలబడ్డ రవీందర్ ఆ మాట విన్నాడు. కాదనలేదు. లోపలికి తీసుకెళ్లాక పక్కకు పిలిచి, "మంచి పని చేసినవ్ అక్కా. గిట్లనే ఉండనీ" అన్నాడు.

నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది. గాయం కొంచెం మానాక ఇంకో ఆపరేషన్ చేస్తే ఆ బొటనవేలికీ అరచేతికీ మధ్య పట్టు వస్తుంది, గ్లాసు పట్టుకోగలదు, పిల్లను ఎత్తుకోగలదు అన్నారు డాక్టర్లు. చర్మం బిగుసుకుపోక ముందే చేయాలని మరీ మరీ చెప్పారు. సుమలత ఆశంతా ఆ రెండో ఆపరేషన్ మీదే పెట్టుకుంది.

వార్డులో ఈరమ్మ ఆమెకు పాఠం చెప్పింది. "ఎవ్వరడిగినా నువ్వు నిర్మలవు. యాది మరువకు. నీ పెనిమిటి పేరు మధు."

సుమలత మొహం తిప్పుకుంది. "బావ పేరు ఎట్ల చెప్పాలె అత్తా? నోరెట్ల వస్తది?"

"రావాలె. చేతి కోసం రావాలె."

ఎంత మాట! పెద్దల ముందు మొగుడి పేరే పలకని పిల్ల, బావను మొగుడని నర్సుకు చెప్పాలి, డాక్టరుకు చెప్పాలి, మందులిచ్చే కిటికీ దగ్గర చెప్పాలి. పాండు పక్కనే నిలబడి వినాలి. అతను మరిదినని చెప్పుకొని తన పెళ్లానికి అన్నం తెచ్చేవాడు. ఈరమ్మ రోజూ ఆ పాఠం వల్లె వేయించేది. తప్పు చెబితే కసిరేది. కసిరి, బయట వరండాలోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చేది.

ఇక అసలు నిర్మల సంగతి వినండి. దర్గా నుంచి వచ్చి లబోదిబోమని ఏడ్చి, కొన్నాళ్లు పిల్లను చూసుకొని, తర్వాత పనికి బయలుదేరింది. గేటు దగ్గరే రవీందర్ ఆపాడు. "నీ చెయ్యి కోసిండ్రు గద. నువ్వు దవాఖానల ఉన్నవ్. పనికెట్ల వస్తవ్?" అన్నాడు నవ్వుతూ. నిర్మల తన రెండు చేతుల వంకా చూసుకుంది. వేళ్లన్నీ ఉన్నాయి, పని మాత్రం లేదు. ఇంట్లోకి నెలనెలా వచ్చే ఒక్క జీతమూ అలా ఆగిపోయింది. వేళ్లు పోయిన సుమలతేమో ఏ కంపెనీలోనూ ఎప్పుడూ పని చేయనట్టే లెక్క.

రెండో ఆపరేషన్ కోసం దవాఖానలో వేలిముద్ర అడిగారు. కుడిచేతికి కట్టు ఉందని ఎడమ బొటనవేలు పెట్టించారు. మిషన్ ఒప్పుకోలేదు. తుడిచి పెట్టించారు, నూనె రాసి పెట్టించారు, ఒప్పుకోలేదు. ఇది నిర్మల వేలు కాదంది. కిటికీ అవతలి మనిషి సుమలత మొహం కేసి, ఈరమ్మ మొహం కేసి చూశాడు. అసలు మనిషిని తీసుకొస్తే తప్ప ఆపరేషన్ చేయరని చెప్పి పంపేశాడు. మాయ తెలిసిన మనిషి మాయ చేయగలదేమో గాని, వేలికి మాయ తెలియదు కదా.

రవీందర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. రోజులు గడుస్తున్న కొద్దీ సుమలత చేయి బిగుసుకుపోతోంది. బొటనవేలిని కదిలించి చూపించమంటే ముందు కదిలినంత కదలడం లేదు. చివరకు నిర్మలకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరితోనూ చెప్పకుండా లేబర్ ఆఫీసుకు వెళ్లి, "నేను నిర్మలను, నా చేతులు మంచిగున్నయ్, చేయి పోయింది మా సుమలతకు" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్కడి ఆఫీసరు ప్రియదర్శిని అందరినీ విచారణకు రమ్మంది.

విచారణ కబురు రాగానే, అన్నాళ్లూ ఫోన్ ఎత్తని రవీందర్ పండ్ల సంచి పట్టుకొని ఈరమ్మ ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చొని చాయ్ తాగాడు.

"అక్కా, జర సమజ్ చేసుకో. సుమలత అన్నం డబ్బా ఇయ్యనీకె వచ్చింది, తమాషా చూసుకుంట మిషన్ల చెయ్యి పెట్టింది అని చెప్పు. ఆమె దవాఖాన సంగతి నేను చూసుకుంట, ప్రైవేటుల చేయిస్త. నువ్వు వేరే తీరుగ చెప్పినవనుకో, కంపెనీ ఇగ నీ ముఠాను ఉంచుతదా? అందరి కార్డులు గుంజుకుంటరు. దొంగ పేరు రాయించినవని నీ మీద కేసు గూడ అయితది."

అతను వెళ్లాక ముఠా ఆడవాళ్లు వచ్చారు. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. "అక్కా, మేం గూడ బదులు పోయినోళ్లమే. మా గతేంది?" అన్నారు. ఇంతమందిని ఇన్నేళ్లు నడిపిన మనిషికి ఆ ప్రశ్న గుండెలో ముల్లులా దిగింది.

నిజం చెప్పుకోవాలి, ఈరమ్మ అబద్ధం చెబుదామనే లేబర్ ఆఫీసుకు బయలుదేరింది. మనసులో లెక్క సరిచూసుకుంది. ఒక్క పిల్ల చేయి ఒకవైపు, ముఠా మొత్తం బతుకు ఒకవైపు. రవీందర్ ప్రైవేటులో చేయిస్తానన్నాడు కదా, ఆ మాట పట్టుకొని తనను తాను ఒప్పించుకుంది. అతను మాట తప్పితే ఏం చేయాలన్న ఆలోచన రానివ్వలేదు.

ప్రియదర్శిని మేడం కోస్తా వైపు మనిషి, మాట మెత్తగానూ గట్టిగానూ ఉంటుంది. అందరినీ కూర్చోమంది. రవీందర్ ఒక వకీలును వెంట తెచ్చుకొని ఒక పక్కన కూర్చున్నాడు. కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. సుమలతను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టారు. కట్టు కట్టిన చేతిని కొంగు కింద దాచుకుంది.

"భయపడకండమ్మా. మీ పేరు చెప్పండి" అంది ప్రియదర్శిని.

సుమలత ఈరమ్మ వైపు చూసింది. ఇన్నాళ్లుగా కుర్చీలో కూర్చోబెట్టి పేరు అడిగిన ప్రతివారికీ ఏ జవాబు చెప్పిందో, ఆ జవాబే నోట్లోంచి వచ్చింది.

"నిర్మల."

"భర్త పేరు?"

"మధు" అంది తల వంచుకొని.

వెనక బెంచీ మీద ఉన్న పాండు లేచి బయటకు వెళ్లిపోయాడు. రవీందర్ వకీలు గొంతు సవరించుకొని, "మేడం, ఆవిడే నిర్మలనని చెబుతున్నారు కదా, ఫిర్యాదు అబద్ధమని తేలిపోయింది, ఇక విచారణ దేనికి" అన్నాడు. అసలు నిర్మల అక్కడే నిలబడి ఉంది.

ఈరమ్మకు ఒళ్లంతా మండిపోయింది. ఎవరి మీద మండిందంటే, మొదట తన మీదే. ఆడపిల్ల నోట్లోంచి ఆమె పేరును పెరికి పారేసింది ఎవరు? మొగుడి పేరును తుడిచేసింది ఎవరు? ముఠా గుర్తుకు రాలేదు, కేసు గుర్తుకు రాలేదు. లేచి నిలబడింది.

"అది నిర్మల కాదు మేడం. అది సుమలత. దానికి ఆ పాఠం నేర్పింది నేను. కార్డు నిర్మలది, ఏసి తోలుకపోయింది నేను. మిషన్ కాడ నిలబెట్టింది నేను. దవాఖానల పేరు మార్చి రాయించింది గూడ నేనే. గీ సారుకు అన్నీ ఎరుక. అన్నం డబ్బా ఇయ్యనీకె వచ్చిందని చెప్పుమన్నడు, గట్ల ఏం లేదు. నన్ను జైల్ల ఏసినా మంచిదే, దాని చెయ్యి మంచిగ చేపియ్యుండ్రి."

ప్రియదర్శిని రవీందర్ వైపు తిరిగింది. అతను ఈ సుమలత ఎవరో తనకు తెలియదన్నాడు, మనుషులను తెచ్చేది ఈరమ్మ కాబట్టి వాళ్లకు మాలిక్ ఈరమ్మే అన్నాడు. ఈరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున చద్దన్నం కట్టుకొని ఆటోలో వేలాడుతూ వెళ్లే తను మాలిక్!

"పని ఎవరి మిషన్ మీద, ఎవరి కోసం జరిగిందో చూస్తుంది చట్టం. మధ్యలో ఎంతమంది ఉన్నా కంపెనీ తప్పించుకోలేదు, మీరూ తప్పించుకోలేరు" అంది ప్రియదర్శిని. సుమలత పేరు మీదే ఆపరేషన్ చేయమని ఈఎస్ఐ వాళ్లకు అప్పటికప్పుడు రాస్తానంది. ఈరమ్మతో మాత్రం దాచకుండా చెప్పింది, తప్పుడు పేరు రాయించడం తప్పే, దానికి ఆమె జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందని.

ఈరమ్మ తలాడించింది. వెళ్లబోతూ ఆగి, కొంగు నలుపుతూ అడిగింది. "మేడం, ఒక్క మాట. ఆనాడు నేను సుమలత అనే చెప్తే... కార్డు లేదు గద, వాపస్ పంపెటోళ్లే గద?"

"లేదమ్మా. ఈఎస్ఐ ఉన్న చోట పని చేస్తూ దెబ్బ తగిలితే, పేరు ఎక్కించకపోయినా ఆమెకు రావలసినవన్నీ వస్తాయి. పేరు ఎక్కించనందుకు యజమాని దగ్గర వసూలు చేస్తారు. అసలు పేరే చెప్పి ఉంటే ఈ రెండో ఆపరేషన్ ఎప్పుడో అయిపోయేది."

ఈరమ్మ గుమ్మం పట్టుకొని నిలబడిపోయింది. ఇన్నాళ్లూ ఆ పిల్లను కాపాడుతున్నాననుకుంది. ఆ నమ్మకంతోనే కసిరింది, ఏడ్చింది, దేవుడికి మొక్కింది. పక్కన నిర్మల ఏదో అంటున్నది గాని ఆమె చెవిన పడలేదు.

బయట మెట్ల మీద సుమలత కూర్చొని ఉంది. పాండు ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లాడు. ఈరమ్మ పక్కన కూలబడింది. దాచి బతకడం ఇక తన వల్ల కాదనిపించి, మేడం చెప్పింది చెప్పినట్టు చెప్పేసింది. "నీ పేరు చెప్పినా చూసెటోళ్లంట బిడ్డా. నాకు తెల్వదు. నా కర్మ, నాకు తెల్వకపాయె."

తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. సుమలత తిట్టలేదు. ఎడమచేత్తో కుడిచేతి కట్టును సర్దుకుంది. తలుపు తీసుకొని రవీందర్, వకీలు బయటకు వచ్చి, వీళ్ల పక్క నుంచే మెట్లు దిగి కారెక్కి వెళ్లిపోయారు.

"నీకు తెల్వదు, నాకు తెల్వదు" అంది సుమలత. "ఆయనకు తెలుసు గద అత్తా? మనుషులను పెట్టి పని చేయించేటోడు, ఆయనకు తెల్వకుంట ఉంటదా? నువ్వు నిర్మల అని రాయిస్తుంటె నీ వెనకనే నిలబడ్డడంటివి గద. ఒక్క మాట అనకపాయెనా?"

ఈరమ్మ ఆ పిల్ల తలను భుజానికి ఆనించుకుంది.

"తెలుసు బిడ్డా" అంది. "తెలిసే ఊకున్నడు."